షాపులో సరుకు పోతోంది, పట్టుకుంటే కత్తి తీస్తారేమోనని భయం: ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో మీకు చిన్న ఫ్యాన్సీ, ప్రొవిజన్ షాపు ఉంది. ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తున్నారు, రెండు కెమెరాలున్నాయి. అయినా నెలనెలా స్టాకు తగ్గుతోంది. పోయిన నెల ఒక కాలేజీ కుర్రాడు సెంటు సీసా జేబులో వేసుకుంటుంటే పట్టుకుని, నలుగురి ముందు రెండు తగిలించారు. ఆ రాత్రి వాడి స్నేహితులు బైకుల మీద వచ్చి 'నీ సంగతి చూస్తాం' అని పోయారు. పేపరు తీస్తే హత్యలే కనపడుతున్నాయి, ఇంట్లో ఆవిడ షాపు ఎత్తేద్దామంటోంది. కౌంటర్ కింద ఇనప రాడ్డు పెట్టుకోవాలా, దొంగల ఫొటోలు గోడకు అంటించాలా, లేక షాపు అమ్మేయాలా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. రాడ్డు వద్దు, ఫొటోలు వద్దు, అమ్మాల్సిన పనీ లేదు. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. మీరు వాటిని కలిపేసుకుని టెన్షన్ పడుతున్నారు. సరుకు పోవడం సందు దొరకడం వల్ల జరిగేది. ఏది ఎక్కడ పెట్టారు, ఎవరు చూస్తున్నారు అన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. కత్తులు, హత్యల లెక్క వేరు. అవి ఎక్కువగా ఒకరికొకరు తెలిసినవాళ్ల మధ్య, పాత గొడవల్లోంచి, పరువు పోయిందన్న కోపంలోంచి పుడతాయి. ఈ రెండూ మీ షాపులో కలిసే చోటు ఒక్కటే, దొంగను పట్టుకున్నాక గడిచే రెండు మూడు నిమిషాలు. జాగ్రత్త అంతా అక్కడ కావాలి.

నా సంగతి చెప్పకపోతే ఈయనెవరు చెప్పడానికి అంటారు. పోలీసు ఉద్యోగంలో ఎక్కువ కాలం క్రైమ్ పనే చేశాను. చిత్తూరులో, తిరుపతిలో ఐడీ పార్టీలో, అంటే దొంగల్ని పట్టుకునే పోలీసు బృందంలో తిరిగి ఏఎస్సైగా రిటైరయ్యాను. ఇప్పుడు కొన్ని బట్టల షాపులకు, సూపర్ మార్కెట్లకు సెక్యూరిటీ ఏర్పాట్లు చూసిపెడుతున్నాను.

ముందు అసలు దొంగతనమేనా తేల్చుకోండి. నన్ను పిలిచిన షాపుల్లో చాలావాటిలో ఓనరు మొదటి మాట 'కస్టమర్లు ఎత్తుకుపోతున్నారు సార్' అనే. తీరా లెక్క చూస్తే అందులో కొంత డిస్ట్రిబ్యూటర్ వ్యాన్ దగ్గరే పోయి ఉంటుంది. పెట్టె విప్పి లెక్కపెట్టకుండా ఇన్‌వాయిస్ మీద సంతకం చేసేస్తారు, అందులో రెండు పీసులు తక్కువ. ఇంకొంత ఎక్స్‌పైరీ అయి పక్కన పారేసినవి, ఎవరూ రాసుకోరు. ఇంకొంత బిల్లింగ్‌లో ఒక ఐటెమ్ బదులు ఇంకో ఐటెమ్ కొట్టడం వల్ల వచ్చే తేడా. మిగిలిందే దొంగతనం.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. బాగా తగ్గుతున్న పది ఐటెమ్‌లు ఎంచుకోండి. ఒక వారంపాటు పొద్దున షట్టర్ తీసినప్పుడు, మధ్యాహ్నం, రాత్రి మూసేటప్పుడు వాటిని చేత్తో లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. పక్కనే బిల్లుల లెక్క రాయండి. రాత్రి మూసినప్పటి లెక్కకూ పొద్దున తీసినప్పటి లెక్కకూ తేడా వస్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆలోచించాలి. మధ్యాహ్నం మీరు భోజనానికి పోయిన గంటలోనే తగ్గుతుంటే ఆ గంటలో కౌంటర్లో ఎవరున్నారో చూడాలి. సాయంత్రం రద్దీలో తగ్గుతుంటే అప్పుడు కస్టమర్ల సంగతి.

పనివాళ్ల గురించి ఒక మాట. వాళ్లు జేబులో వేసుకుపోవడం తక్కువ. ఎక్కువగా జరిగేది కౌంటర్ దగ్గర. స్నేహితుడు ఐదు వస్తువులు తెస్తే మూడింటికి బిల్లు కొట్టి ఐదూ కవర్లో వేయడం, డబ్బు తీసుకున్నాక బిల్లు క్యాన్సిల్ చేయడం, రిటర్న్ వచ్చినట్టు రాయడం. రోజూ రాత్రి క్యాన్సిల్ బిల్లులు ఒక్కసారి చూసే అలవాటు పెట్టుకోండి. చూస్తున్నారని వాళ్లకు తెలిస్తే చాలు, సగం ఆగిపోతుంది. పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 306, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ మొత్తం కుర్రాళ్లందరినీ దొంగలన్నట్టు చూడకండి. నెల జీతం పదో తారీఖు దాటించి ఇచ్చే షాపుల్లో ఈ రకం ఎక్కువ చూశాను. అందులోని సంబంధం మీరే ఊహించుకోండి.

ఏవి పోతాయో ముందే తెలుస్తుంది. రోనాల్డ్ క్లార్క్ అనే నేరశాస్త్రవేత్త 1999లో దొంగలకు నచ్చే వస్తువుల లక్షణాలు ఆరు చెప్పాడు. దాచుకోవడానికి వీలుండాలి, తేలిగ్గా తీసుకుపోగలగాలి, చేతికి అందాలి, విలువుండాలి, వాడుకోవాలనిపించాలి, మళ్లీ అమ్ముకోగలగాలి. మీ షాపులో ఈ ఆరూ ఉన్నవి ఏవో ఒకసారి నడుస్తూ చూడండి. షేవింగ్ బ్లేడు కార్ట్రిడ్జిలు, సెంటు, డియోడరెంట్లు, ఫేస్ క్రీములు, ఇయర్‌ఫోన్లు, పెద్ద చాక్లెట్లు, పిల్లల పాలపొడి డబ్బాలు, జీడిపప్పు ప్యాకెట్లు. పది కిలోల బియ్యం బస్తాను ఎవడూ జేబులో వేసుకోడు.

ఆ ఆరింటిలో చివరిదే నా దృష్టిలో ముఖ్యం. కుర్రాడు సరదాకి ఒక సీసా ఎత్తుకుపోతాడు, అది వేరు. ఒకే రకం వస్తువు ఐదారు ఒకేసారి మాయమైతే, దాన్ని సగం ధరకు కొనే మనిషి ఎక్కడో ఉన్నాడు. ఐడీ పార్టీలో మేం దొంగ కంటే ముందు ఆ కొనేవాడి కోసం వెతికేవాళ్లం. దొంగలు మారుతుంటారు, కొనేవాడు మారడు. మీ దగ్గరికీ ఎప్పుడో ఎవరో సంచిలో సరుకు తెచ్చి 'పార్టీ సరుకు సార్, సగానికి ఇస్తా' అంటారు. బిల్లు లేకపోతే ముట్టుకోకండి. దొంగసొత్తని తెలిసి, లేదా తెలియడానికి తగిన కారణం ఉండీ కొంటే సెక్షన్ 317 కింద మీరూ ముద్దాయే.

సర్దడంలోనే సగం పని ఉంది. మీ కౌంటర్ రోడ్డువైపు తిరిగి ఉందని రాశారు. అంటే మీ వీపు షాపుకు, ముఖం బస్సులకు. ముందు దాన్ని తిప్పండి. లోపల ర్యాకులు మనిషి ఛాతీ ఎత్తు దాటకూడదు. గోడ పక్కన ఎంత ఎత్తున్నా పర్లేదు, మధ్యలో ఉన్నవి మాత్రం తగ్గించాలి. పైన చెప్పిన చిన్న, ఖరీదైన సరుకు అంతా కౌంటర్ వెనక్కో, కౌంటర్ పక్కన అద్దాల షోకేసులోకో పోవాలి. సెంటు సీసాలకు ఖాళీ డబ్బాలు మాత్రం బయట పెట్టి, సీసా అడిగితే ఇవ్వండి. ర్యాకులో ముందు వరుసలో రెండేసి మాత్రమే పేర్చండి. లోపలికి పది వరుసలు తోసి పెడితే ఏది తగ్గిందో వారం దాకా తెలియదు. మూలన ట్యూబ్‌లైటు పోయిందన్నారు కదా, అది ఈ రోజే వేయించండి.

ఇవన్నీ ఒకెత్తు, పలకరింపు ఒకెత్తు. లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషినీ పది సెకన్లలోపు ఎవరో ఒకరు ముఖంలోకి చూసి 'ఏం కావాల సామీ', 'చెప్పండక్కా' అనాలి. నిజంగా కొనేవాళ్లకు మర్యాదగా ఉంటుంది. ఇంకో ఉద్దేశంతో వచ్చినవాడికి 'వీళ్లు నన్ను చూశారు, ముఖం గుర్తుంటుంది' అని అర్థమవుతుంది. షాపు దొంగకు కావలసింది ఎవరూ పట్టించుకోని చోటు. లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు 1979లో చెప్పిన సూత్రం కూడా ఇదే. చేయాలనుకున్నవాడు, చేతికందే వస్తువు, కాపాడేవాడు లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట ఒకే సమయంలో కలిస్తేనే నేరం. దొంగ మనసు మార్చడం మన వల్ల కాదు. మిగతా రెండూ మన చేతిలో ఉన్నాయి.

మన ఊళ్లో దీనికి ఒక చిక్కుంది. పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగమ్మ జాతర. ఒక్కో బస్సు దిగిన జనం ఒకేసారి పదిహేను మంది మీ షాపులోకి వస్తారు. తమిళం, కన్నడం, హిందీ. అప్పుడు ఎవరిని పలకరిస్తాం? ఆ రోజుల్లో తలుపు దగ్గర ఒక మనిషిని అచ్చంగా దానికే పెట్టండి. వాడికి 'వాంగ, ఎన్న వేణుం', 'బన్ని, ఏను బేకు' వస్తే చాలు. బ్యాగులకు టోకెన్ ఇచ్చి బయట అరలో పెట్టించండి. షాపు చిన్నది కాబట్టి ఒకసారి ఇంతమందినే లోపలికి పంపుతాం అని చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. క్యూ అలవాటైన ఊరు మనది.

రద్దీ రోజుల్లో ముఠాలు కూడా వస్తాయన్నది నిజం. వాళ్ల పద్ధతులు ఏళ్ల తరబడి అవే. ఒకరు చీరల మీద చీరలు విప్పిస్తారు, ఇంకొకరు కుప్ప కిందినుంచి ఒకటి లాగేస్తారు. ఒకరు కౌంటర్ దగ్గర గట్టిగా గొడవ పెట్టుకుంటారు, అందరూ అటు చూస్తారు. కింద పది రూపాయల నోట్లు చల్లి 'అన్నా, మీ డబ్బు పడింది' అంటారు, మీరు వంగేసరికి గల్లా పెట్టెలో చేయి పడుతుంది. ఐదొందల నోటిచ్చి చిల్లర తీసుకుని, 'వద్దులే నా నోటు నాకివ్వు' అంటూ నాలుగుసార్లు ఇచ్చిపుచ్చుకుని లెక్క తప్పిస్తారు. వీటన్నిటికీ మందు ఒకటే. గొడవ జరిగినప్పుడు గొడవ వైపు ఒకరే చూడాలి, మిగతావాళ్లు సరుకు వైపు, గల్లా వైపు చూడాలి. ఈ మాట కుర్రాళ్లకు ముందే చెప్పి ఉంచండి. అప్పటికప్పుడు ఎవరికీ తట్టదు.

మీ ప్రశ్నలో 'ఫలానా వాళ్లు వస్తే జాగ్రత్తగా ఉంటాం' అని ఒక మాట రాశారు. ఆ మాట వదిలేయండి. 1871లో బ్రిటిషువాళ్లు కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేశారు. 1952లో అది పోయింది, మన నోళ్లలో మాత్రం ఇంకా మిగిలింది. న్యాయం సంగతి అలా ఉంచినా, అది పని చేయని పద్ధతి. చిరిగిన చీర కట్టుకున్న ఆమె వెనక మీ కుర్రాడు తిరుగుతుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి తీరిగ్గా ఇయర్‌ఫోన్లు సర్దుకుని పోతాడు. నేను పట్టుకున్నవాళ్లలో ఉద్యోగస్తులున్నారు, మంచి ఇళ్ల పిల్లలున్నారు. ముఖాలు కాదు, చేతులు చూడండి. సరుకు కంటే ఎక్కువగా మనుషుల వైపు, కెమెరా వైపు చూసేవాడు, ఒకే మూలకు మళ్లీ మళ్లీ వచ్చేవాడు, ఎండాకాలంలో జర్కిన్ వేసుకున్నవాడు. గమనించాల్సింది ఇవి.

కెమెరాలు. మీ రెండు కెమెరాలూ పైకప్పు మూలల్లో ఉన్నాయి. వాటిలో బట్టతలలు బాగా కనపడతాయి, ముఖాలు కనపడవు. ఒకదాన్ని తలుపు దగ్గర, బయటికి పోయే మనిషి ముఖం ఎత్తుకు దించండి. ఇంకోటి గల్లా మీద. డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డింగ్ పెట్టెలో, టైము సరిగ్గా ఉందా చూసుకోండి. గంట తేడా ఉన్న ఫుటేజీని కోర్టులో లాయరు రెండు నిమిషాల్లో పక్కకు నెట్టేస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం పెద్ద షాపులను 30 రోజుల రికార్డింగ్ ఉంచమంటుంది. మీది చిన్నదైనా అదే పెట్టుకోండి. ఏదైనా జరిగితే వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి, లేకపోతే దాని మీదే కొత్తది ఎక్కేస్తుంది. కేసు అయితే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఆ ఫుటేజీకి సర్టిఫికెట్ కూడా కావాలి, స్టేషన్లో చెప్తారు.

ఆ క్లిప్పు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, ఫొటో గోడకు అంటించడం మాత్రం చేయకండి. తప్పు మనిషైతే పరువునష్టం కేసు మీ మీదకు వస్తుంది. పద్దెనిమిది లోపు పిల్లాడైతే ఇంకా తంటా. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం వాడి గుర్తింపు బయటపెట్టడమే నేరం, ఆరు నెలల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ ఉంటాయి. ఇక మూడో సంగతి, అది చట్టంలో ఉండదు. గోడ మీద ఫొటో ఉన్న కుర్రాడికి ఆ వీధిలో తిరిగిన ప్రతిసారీ మీ మీద పగ కొత్తదవుతుంది.

ఇప్పుడు ఆ రెండు మూడు నిమిషాల సంగతి. చట్టంలో దొంగతనానికీ దోపిడీకీ మధ్య గీత ఎక్కడుందో చూడండి. సరుకు తీసుకుంటూ, లేదా తీసుకుని పారిపోతూ, అందుకోసం ఎవరినైనా కొట్టినా, అడ్డగించినా, అప్పటికప్పుడు చంపుతానని బెదిరించినా అది న్యాయ సంహిత సెక్షన్ 309 కింద దోపిడీ, పదేళ్ల దాకా శిక్ష. అంటే సెంటు సీసా దొంగ దోపిడీదారు అయ్యేది సీసా జేబులో వేసుకున్నప్పుడు కాదు, తప్పించుకోవడానికి తోసినప్పుడు. మీరు తలుపుకు అడ్డంగా నిలబడి కాలర్ పట్టుకుంటే అతనికి మీరు మిగిల్చిన దారి అదొక్కటే.

కాబట్టి ముందుగా పరువు దక్కే దారి ఇవ్వండి. ఇంకా షాపులోనే ఉండగా పక్కకు వెళ్లి, మామూలు గొంతుతో, 'తమ్ముడూ, ఆ సెంటుకు బిల్లు కొట్టించావా? కౌంటర్ అటు' అనండి. పదిమందిలో ఎనిమిది మంది 'అయ్యో మర్చిపోయా' అని తీసి ఇస్తారు. మీ సరుకు మీకొచ్చింది, అతను మళ్లీ రాడు. అతనికి శిక్ష పడలేదే అని మీకు కడుపుమంట ఉండొచ్చు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట చెప్తే ఓనర్లు నా వైపు అదోలా చూసేవాళ్లు. మీకు కావలసింది సరుకా, తీర్పా?

అతను ఒప్పుకోకుండా బయటికి నడిస్తే వెంటపడకండి. రోడ్డు మీద పరుగు తీసి కింద పడ్డవాళ్లున్నారు, ఆటో కింద పడబోయినవాళ్లున్నారు. ఎంత ధర ఆ సీసా? బండి నంబరు, బట్టల రంగు, పోయిన దిక్కు చూసి 112కు ఫోన్ చేయండి. ఆగి మాట్లాడితే పక్కకు కూర్చోబెట్టండి, మీరు ఒక్కరే కాకుండా ఇద్దరుండండి, ఆడమనిషైతే ఆడవాళ్లే మాట్లాడాలి. జేబులు, బ్యాగు మీరు వెతకొద్దు. అతనే తీసి చూపిస్తే సరి, లేకపోతే పోలీసులు వచ్చాక.

కొట్టడం, స్తంభానికి కట్టేయడం, గదిలో వేసి గడియ పెట్టడం అస్సలు వద్దు. చట్టం ఏమంటుందో తెలుసుకోండి. మామూలు మనిషి ఇంకొకరిని అరెస్టు చేయొచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 40 ఒప్పుకుంటుంది. కానీ ఆ నేరం మీ కళ్లముందు జరగాలి, అది కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలది), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రానిది) కావాలి, ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల్లో ఐదు వేల రూపాయల లోపు మామూలు దొంగతనం నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ అయింది. మొదటిసారి దొరికినవాడు సరుకు తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. షాపు, గోడౌన్ లాంటి చోటని న్యాయ సంహిత సెక్షన్ 305 వేస్తే లెక్క మారుతుంది, అది స్టేషన్లో నిర్ణయిస్తారు. మీరు నిల్చున్నచోట నిల్చుని తేల్చే సంగతి కాదిది. నాలుగొందల సీసా కోసం ఎవరినైనా కట్టేసి కొడితే అతని మీద కంటే మీ మీదే పెద్ద కేసవుతుంది. జనం గుమిగూడి తలా ఒక దెబ్బ వేస్తే ఏ దెబ్బకు ఏమవుతుందో మీ చేతిలో ఉండదు.

ఇదంతా చెప్పి ఇప్పుడు మీ పెద్ద భయానికి వస్తాను. రోజులు చెడిపోయాయా?

జాతీయ నేర గణాంకాలు చూడండి. 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు నమోదయ్యాయి, లక్ష జనాభాకు 2.1. 1990ల మొదట్లో ఇదే లెక్క లక్షకు 4 దాటి ఉండేది. అంటే అప్పటి కంటే హత్యలు జనాభా లెక్కన సగానికి తగ్గాయి. ఇది చెప్తే ఎవరూ నమ్మరు, నా ఇంట్లోవాళ్లే నమ్మరు. కారణం ఫోన్లు. అప్పట్లో పక్క జిల్లాలో జరిగిన హత్య రెండో రోజు పేపరు మూడో పేజీలో వచ్చేది. ఇప్పుడు గుజరాత్‌లో జరిగిన హత్య కెమెరా ఫుటేజీతో సహా అరగంటలో మీ చేతిలో ఉంటుంది, ఐదు గ్రూపుల్లో ఐదుసార్లు.

అదే లెక్కలో కారణాలు చూస్తే ఇంకా తెలుస్తుంది. ఆ 28,522లో గొడవల వల్ల జరిగినవి 9,962. పగ, కక్ష వల్ల 3,761. డబ్బు, సొత్తు కోసం చేసినవి 1,884. అంటే సొత్తు కోసం జరిగిన హత్యలు పదిహేనింటిలో ఒకటి. మీ షాపులో సరుకు కోసం వచ్చినవాడు మిమ్మల్ని చంపుతాడన్న భయానికి ఈ అంకెలు అంత ఆధారం ఇవ్వవు. ఈ లెక్కలకు పరిమితులూ ఉన్నాయి. నమోదైన కేసులే ఇందులో ఉంటాయి, ఒక కేసులో నాలుగు నేరాలుంటే పెద్దదాని కిందే లెక్కిస్తారు. ఇళ్లలో ఆడవాళ్లు తినే దెబ్బలు స్టేషన్ దాకా ఎన్ని వస్తాయో నాకు బాగా తెలుసు. కానీ శవం దాయడం కష్టం, అందుకే నేరాల్లో హత్యల లెక్కే కాస్త నమ్మదగింది.

నేను చూసిన కేసులూ ఇలాగే ఉండేవి. పొలం గట్టు, అన్నదమ్ముల పంపకం, వడ్డీ డబ్బు, అనుమానం, తాగి మాటామాటా పెరగడం. చంపినవాడి పేరు చాలాసార్లు చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లే సాయంత్రానికి చెప్పేసేవాళ్లు. 2015 నవంబరు 17న చిత్తూరులో పట్టపగలు నగరపాలక ఆఫీసులోనే మేయర్ కఠారి అనురాధను, ఆమె భర్త మోహన్‌ను చంపారు. రాష్ట్రమంతా వణికింది. ప్రధాన నిందితుడు ఎవరంటే మోహన్ మేనల్లుడు. సీమ అనగానే బయటివాళ్లు ఫ్యాక్షన్ అంటారు. ఆ ఫ్యాక్షన్‌కు కూడా ఊరి పెత్తనం, కాంట్రాక్టులు, తరాల పగ అనే సొంత లెక్కలుండేవి. దారిన పోయే దుకాణదారుడు అందులో ఎవరికీ పట్టడు.

మరి షాపుల దగ్గర రక్తం కారిన కేసులు లేవా? ఉన్నాయి. నాకు గుర్తున్నవాటిలో ఎక్కువ అప్పు, మందు, మాట, ఈ మూడింటి దగ్గరే మొదలయ్యాయి. ఒక కూల్‌డ్రింక్ షాపాయన రాత్రి పదకొండుకు తాగి వచ్చిన ఒకడికి సిగరెట్ అప్పు ఇవ్వనన్నాడు. అంతవరకు బాగానే ఉంది. 'ముందు మీ నాయన బాకీ కట్టు' అని నలుగురి ముందు అన్నాడు. పావుగంటలో వాడు పగిలిన సీసాతో తిరిగొచ్చాడు. ఆయన బతికాడు, మెడ మీద మచ్చ ఉంది. ఇంకో చోట కౌంటర్ కిందున్న రాడ్డును షాపాయన తీస్తే, అవతలివాళ్లు లాక్కుని అదే రాడ్డుతో కొట్టారు. అందుకే మీకు మొదట్లోనే వద్దన్నాను. చేతికందే దూరంలో ఆయుధం ఉంటే చిన్న మాటకు కూడా చెయ్యి అటే పోతుంది.

హింస ఊరంతా ఒకేలా పరుచుకుని ఉండదు. అమెరికాలో మినియాపొలిస్ నగరంలో లారెన్స్ షెర్మన్ బృందం పోలీసులకు వచ్చిన ఫోన్లు లెక్కేస్తే, సగం ఫోన్లు మూడు శాతం చిరునామాల నుంచే వచ్చాయని తేలింది, 1989లో. మన ఊళ్లో ఎవరూ అలా లెక్కేయలేదు గానీ, బీటులో తిరిగిన ఏ కానిస్టేబుల్‌ని అడిగినా గొడవలొచ్చే చోట్లు వేళ్ల మీద చెప్తాడు, టైముతో సహా. మీ షాపుకు నాలుగు అడుగుల్లో మద్యం షాపు ఉందని రాశారు. అది మూసే వేళకు మీరు తెరిచి ఉండొద్దు. రాత్రి చివరి గంటలో మీకొచ్చే వ్యాపారం ఎంతో చూసుకోండి, చాలామందికి కరెంటు ఖర్చుకు కూడా రాదు. 'అప్పు లేదు' అని బోర్డు పెట్టండి. అడిగితే 'ఓనరు ఒప్పుకోడన్నా' అని బోర్డు మీదకో, మీ నాన్నగారి మీదకో తోసేయండి. మీరే ఓనరైనా సరే.

గల్లాలో డబ్బు పెరగనివ్వకండి, మధ్యాహ్నం ఒకసారి తీసేయండి. రోజూ ఒకే టైముకు ఒకే దారిలో బ్యాంకుకు పోకండి. ఎవరైనా నిజంగా కత్తి చూపితే డబ్బు ఇచ్చేయండి, చేతులు కనపడేలా ఉంచండి, ముఖం గుర్తుపెట్టుకోండి. ఇందులో ధైర్యం, పిరికితనం అన్న ప్రశ్నే లేదు.

రాత్రి షట్టర్ సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. పక్క తాళాలు రెండే ఉంటే మధ్యలోంచి జాకీతో ఎత్తేస్తారు, సెంటర్ లాక్ వేయించండి. వెనక వెంటిలేటరు, పైన రేకులు చూసుకోండి. గల్లా సొరుగు ఖాళీ చేసి తెరిచిపెట్టి పోండి, పగలగొట్టే పని తప్పుతుంది. ఒకసారి దొంగలు పడిన షాపులో కొద్ది వారాల్లోనే మళ్లీ పడటం మామూలు, ఎందుకంటే లోపలి వివరాలు వాళ్లకు తెలిసిపోయాయి. ఏ సందులోంచి వచ్చారో ఆ సందును ఆ వారమే మూసేయాలి.

ఇక బైకుల మీద వచ్చిన ఆ కుర్రాళ్లు. బెదిరింపు న్యాయ సంహిత సెక్షన్ 351 కింద నేరమే. కేసు పెట్టాలని లేకపోయినా స్టేషన్‌కు పోయి తేదీ, టైము, బండి నంబర్లతో ఒక అర్జీ ఇచ్చి, దాని కాపీ మీద స్టాంపు వేయించుకోండి. రేపు ఏదైనా జరిగితే అది ఆధారం. మీ బీటు కానిస్టేబుల్‌కు చెప్తే రాత్రి మీ షాపు ముందు ఒక నిమిషం ఎక్కువ ఆగుతాడు. పక్క షాపులవాళ్ల నంబర్లన్నీ ఒక గ్రూపులో పెట్టుకుని, ఏదైనా జరిగితే అందరూ బయటికొచ్చి నిలబడాలని మాట్లాడుకోండి. నిలబడితే చాలు, కొట్టక్కర్లేదు.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది మీకు నచ్చదు. ఆ అబ్బాయి ఎవరో మీకు తెలుసన్నారు. వాళ్ల నాన్ననో మేనమామనో, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ద్వారా కలవండి. షాపులో కాదు, ఎక్కడైనా టీ దగ్గర. 'మీవాడు చేసింది తప్పు, నేను చెయ్యి చేసుకోవడమూ తప్పు, ఇక్కడితో అయిపోయింది' అనండి. కొట్టిన దెబ్బ కంటే నలుగురి ముందు కొట్టడమే ఆ కుర్రాణ్ణి ఎక్కువగా తొలుస్తుంటుంది. ఇంట్లోవాళ్ల ముందు మీరు ఆ ఒక్క మాట అంటే అతనికి స్నేహితుల దగ్గర తల ఎత్తుకునే వీలుంటుంది. నేను చూసినవాటిలో ఇలాంటివి చాలావరకు ఆ టీతోనే ముగిశాయి. ముగియకపోతే మీ అర్జీ ఎలాగూ స్టేషన్లో ఉంటుంది.

వారం లెక్క రాశాక ఆ పది ఐటెమ్‌లు, ఏ టైములో ఎన్ని తగ్గాయో ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను. షాపు లోపలి బొమ్మ కాగితం మీద గీసి ఫొటో పెడితే ఇంకా నయం, తలుపు, కౌంటర్, ర్యాకుల ఎత్తు రాయడం మర్చిపోకండి.